తెలుగు సాఫ్టువేరు స్థాపన సూచనలు

తెలుగు సాఫ్టువేరు స్థాపన సూచనలు అనగా కంప్యూటరులో గాని, ఫోనులో గాని తెలుగు అక్షరాలు సరిగా కనబడుటకు, తెలుగులో టైపు చేయుటకు కావలసిన ఫాంట్లు, కీబోర్డు అమరికలు, సహాయక ఫైళ్ళు మొదలగువాటిని ఎట్లు స్థాపించుకొనవలెనో తెలిపే మార్గదర్శకాలు. 2000వ దశాబ్దంలో ఈ సూచనలు అంతర్జాలంలో పలుచోట్ల లభించినప్పటికీ, వాటి అవసరం ఉన్న కొత్తవారికి అవి దొరకడమే కష్టంగా ఉండేది. తెలుగు కనబడని కంప్యూటరులో తెలుగులో వ్రాసిన సూచనను చదువుట సాధ్యం కాదు. తెలుగు టైపు చేయలేనివారు తెలుగు పదాలతో వెదకలేరు. ఈ చిక్కును తెలుగు వికీపీడియనులు, స్వేచ్ఛా సాఫ్టువేరు కార్యకర్తలు, ప్రభుత్వ సంస్థలు వేరువేరు పద్ధతులలో పరిష్కరించ ప్రయత్నించారు. మైదాన ప్రాంతపు తెలుగుకు సంబంధించి ఈ సమస్య చాలవరకు తీరినది. అరకు లోయ మొదలుకొని శ్రీకాకుళం, పర్లాకిమిడి కొండల వరకు తూర్పు కనుమలలో మాట్లాడే గిరిజన భాషల విషయంలో ఇది వేరొక రూపంలో కొనసాగుతున్నది.

సమస్య స్వరూపం

కొత్తవారు స్థాపన సూచనను కనుగొనుటలో మూడు అడ్డంకులు కలవు.

చూచుట: అవసరమైన ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు గాని, ప్రశ్నార్థకాలు గాని కనబడతాయి. వాడుకరులు వీటినే "డబ్బాలు" అని పిలిచేవారు. ఫాంటు ఉండి, అక్షరాలను కూర్చే సహాయక ఫైళ్ళు లేనిచో గుణింతాలు, వత్తులు చెదరిపోతాయి. "స్త్రీ" అను పదం "స్‌త్‌రీ" వలె విడివిడిగా కనబడుతుంది. ఈ స్థితిలో ఉన్నవారికి తెలుగులో వ్రాసిన సహాయ పేజీ ఉపయోగపడదు.

టైపు చేయుట: వెదకు పెట్టెలో తెలుగు పదం వ్రాయుటకు ముందుగా తెలుగు కీబోర్డు ఉండవలెను. ఆ కీబోర్డును ఎట్లు పొందవలెనో తెలిసికొనుటకే వెదకవలసి ఉన్నది.

పేరు తెలియుట: కొత్తవారికి తమ ఇబ్బంది తెలుసును గాని దాని సాంకేతిక నామం తెలియదు. "కాంప్లెక్స్ స్క్రిప్ట్", "ఇన్‌స్క్రిప్ట్", "రెండరింగ్", "లిప్యంతరీకరణ" వంటి పదాలు తెలిసినవారికి ఆ సూచనల అవసరం అంతగా ఉండదు. "అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయి" అని వెదకువారికి ఆ మాటలు గల పేజీయే దొరకవలెను.

మొదటి రెండు అడ్డంకులు సాంకేతిక పరిజ్ఞానం పెరిగిన కొలదీ తగ్గినవి. మూడవది ఏ కాలములోనైనా, ఏ సాఫ్టువేరు విషయములోనైనా ఉండునదే.

చరిత్ర

యూనికోడుకు పూర్వం

తెలుగు లిపికి 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే స్థానం లభించినది. అయినప్పటికీ, యూనికోడు వాడుకలోకి వచ్చుటకు చాలా సంవత్సరాలు పట్టినది. ఈ మధ్యకాలంలో విదేశాలలోని తెలుగువారు రోమను అక్షరాలతోనే తెలుగు వ్రాసికొనేవారు. ఇందుకై 1990ల తొలినాళ్ళలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి ప్రసిద్ధి చెందినది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చినది.

తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లను వాడేవి. ఒక పత్రిక ఫాంటుతో మరొక పత్రికను చదువుటకు వీలుండేది కాదు. కాబట్టి ప్రతి పత్రికకూ వేరుగా ఫాంటు దిగుమతి చేసుకొనవలసి వచ్చేది. ఇట్టి సైట్లలోని పాఠ్యాన్ని ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో యూనికోడులోనికి మార్చి చూపించుటకు, తెలుగు వికీపీడియా స్థాపకుడైన వెన్న నాగార్జున "పద్మ" అను పొడిగింతను తయారుచేసెను. అప్పటినుండి పాఠకుడు పలు ఫాంట్లకు బదులు ఒకే పొడిగింతను స్థాపించుకొనిన సరిపోయేది.

విండోస్ ఎక్స్‌పీ కాలం

2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో "గౌతమి" అను తెలుగు యూనికోడు ఫాంటు చేర్చబడినది. కాని భారతీయ లిపుల సహాయక ఫైళ్ళు అప్రమేయంగా పనిచేసేవి కావు. వాడుకరి కంట్రోల్ ప్యానెల్ తెరచి, "రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్" లోనికి వెళ్ళి, "లాంగ్వేజెస్" అను విభాగంలో సంక్లిష్ట లిపులకు సంబంధించిన గడిలో టిక్కు పెట్టవలెను. అప్పుడు కంప్యూటరు సుమారు 10 మెగాబైట్ల స్థలం కావలెనని తెలిపి, విండోస్ సీడీని అడిగేది. ఫైళ్ళు చేరిన పిమ్మట కంప్యూటరును మూసి తిరిగి ప్రారంభించవలెను.

చూచుటకు ఇది నాలుగైదు మెట్ల పనియే. అయితే గడి పక్కనున్న ఆంగ్ల వాక్యంలో "తెలుగు" అను మాట గాని, "భారతీయ" అను మాట గాని లేదు. అందులో పేరు పెట్టి చెప్పిన భాష థాయ్ మాత్రమే. అందువలన ఎవరైనా చెప్పనిదే ఆ గడి తెలుగుకు సంబంధించినదని ఊహించుట కష్టం. పైగా ఈ పనికి నిర్వాహకుని అనుమతి అవసరం. ఇంటర్నెట్ కేంద్రంలోను, కళాశాల ప్రయోగశాలలోను కంప్యూటరు వాడే విద్యార్థికి ఆ అనుమతి గాని, సీడీ గాని సాధారణంగా ఉండవు. ఆనాటి కొత్తవారిలో చాలామంది ఇట్టి చోట్లనే తొలిసారి అంతర్జాలాన్ని చూచినవారు.

గౌతమితో పాటు తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన "పోతన 2000", "వేమన 2000" ఫాంట్లు ఈ కాలంలో విస్తృతంగా వాడబడినవి. ఇవి ఉచితంగా లభించుటచే లినక్సు పంపకాలలో సైతం చేరినవి. విండోస్ విస్టా 2007లో విడుదలైనప్పటినుండి భారతీయ లిపుల సహాయం వ్యవస్థలో అంతర్భాగమైనది. ఆ గడిలో టిక్కు పెట్టవలసిన అవసరం దానితో తీరిపోయినది.

వికీపీడియాలో

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైనది. ఆనాడు పేజీకి వచ్చిన వారిలో పలువురికి అక్షరాలు కనబడేవి కావు కనుక, సహాయ పేజీని మొదట ఆంగ్లంలో చూపవలసి వచ్చేది. తెలుగు విజ్ఞాన సర్వస్వపు ముంగిట ఆంగ్ల లంకె ఉండుట వింతగా తోచవచ్చును గాని, తెలుగు కనబడని వారికి చదువగలిగిన వాక్యం అదియే.

ఆంగ్ల వికీపీడియాలో ఇదే అవసరానికి వేరొక పద్ధతి రూపొందినది. భారతీయ లిపులు గల వ్యాసాల పక్కన ఒక చిన్న పెట్టెను ఉంచి, సరైన సహాయం లేనిచో ప్రశ్నార్థకాలు, గళ్ళు, చెదరిన అచ్చు గుర్తులు కనబడవచ్చునని అందులో తెలిపి, స్థాపన పేజీకి లంకె ఇచ్చారు. ఆ పేజీలో ప్రతి లిపికీ ఒక నమూనా పదం రెండు విధాలుగా కలదు. ఒకటి బొమ్మ, ఇది ఏ కంప్యూటరులోనైనా సరిగానే కనబడుతుంది. రెండవది మామూలు పాఠ్యం. రెండింటినీ పోల్చుకొని పాఠకుడు తన కంప్యూటరులో లోపం ఉన్నదో లేదో తానే తెలిసికొనగలడు. ఈ పద్ధతిలో పాఠకుడు సూచనను వెదకుకొనుచు వెళ్ళనక్కరలేదు. ఇబ్బంది ఎదురైన చోటనే సూచన ఉంటుంది.

2011 డిసెంబరులో వికీమీడియా ప్రాజెక్టులు భారతీయ భాషల వికీలలో వెబ్‌ఫాంట్స్ అను సౌకర్యాన్ని ప్రవేశపెట్టినవి. దీనివలన వాడుకరి కంప్యూటరులో ఫాంటు లేకున్నను, పేజీతో పాటే ఫాంటు వచ్చి చేరుతుంది. టైపు చేయుటకు సైతం పేజీలోనే కీబోర్డు ఎంపిక ఏర్పడినది.

స్థాపన అక్కరలేని పరికరాలు

2006లో వీవెన్ రూపొందించిన "లేఖిని" తెలుగు టైపింగు చరిత్రలో ఒక మలుపు. పద్మలోని లిప్యంతరీకరణ విధానాన్ని ఆధారం చేసుకొనిన ఈ పరికరం బ్రౌజరులోనే పనిచేస్తుంది. ఒక పెట్టెలో రోమను అక్షరాలతో వ్రాసినచో మరొక పెట్టెలో తెలుగు వస్తుంది. సీడీ, నిర్వాహకుని అనుమతి, పునఃప్రారంభం ఇవేవీ అక్కరలేదు. తెలుగు బ్లాగర్లలో పలువురు తమ తొలి తెలుగు వాక్యాలను దీనిలోనే వ్రాసినారు. స్థాపన సూచనను తేలికగా వ్రాయుట ఒక మార్గమైతే, స్థాపన అవసరాన్నే తొలగించుట మరొక మార్గమని లేఖిని నిరూపించినది. కాని దీనికి అంతర్జాల సంబంధం ఉండవలెను.

సీడీలు, ప్రదర్శనలు

కేంద్ర ప్రభుత్వపు భారతీయ భాషల సాంకేతికాభివృద్ధి కార్యక్రమం క్రింద 2005 నుండి ఫాంట్లు, కీబోర్డు పరికరాలు, కార్యాలయ సాఫ్టువేరు గల సీడీలు ఒక్కొక్క భాషకు ఉచితంగా వెలువడినవి. ఈ వరుసలో తెలుగు సీడీ కూడా కలదు. అంతర్జాలం లేనివారికి సాఫ్టువేరు, సూచన రెండూ ఒకే చోట లభించుట దీని ప్రయోజనం.

హైదరాబాదు కేంద్రంగా "ఈ-తెలుగు" సంస్థ 2008 ప్రాంతం నుండి పుస్తక ప్రదర్శనలలో స్టాలు ఏర్పాటు చేసి, కంప్యూటరులో తెలుగును ప్రత్యక్షంగా చూపి, కరపత్రాలు పంచినది. "స్వేచ్ఛ" సంస్థ తెలుగులోనికి అనువదించిన లినక్సును తయారుచేసి, కళాశాలలలో స్థాపనోత్సవాలు జరిపినది. స్థాపనోత్సవంలో తెలిసినవారు కొత్తవారి పక్కన కూర్చుని, వారి కంప్యూటరులోనే పని పూర్తిచేయిస్తారు. ఏమి వెదకవలెనో తెలియనివారికి ఇట్టి మానవ సహాయం మిక్కిలి ఫలప్రదం.

సూచనలు దొరకకపోవుటకు కారణాలు

* కాలదోషం: సాఫ్టువేరు మారినను పాత సూచనలు అట్లే మిగిలి ఉంటాయి. విండోస్ ఎక్స్‌పీకి తయారీ సంస్థ మద్దతు 2014 ఏప్రిల్‌లో ముగిసినది. విండోస్‌లో నెట్ లేకుండా పనిచేసే గూగుల్ తెలుగు టైపింగు సాధనం దిగుమతి 2018లో నిలిచిపోయినది. వీటిని గూర్చి వ్రాసిన పేజీలు ఆ తరువాత కూడా వెదకులాటలో కనబడుచు, కొత్తవారిని లేని ఫైలు వద్దకు పంపుతూ వచ్చినవి.
* పదజాల భేదం: ఒకే వస్తువునకు ఫాంటు, ఖతి, అక్షరరూపం అని పలు పేర్లు కలవు. స్థాపనకు ఇన్‌స్టాల్, ప్రతిష్ఠాపన, నెలకొల్పుట అను మాటలు వాడుకలో ఉన్నవి. ఒక మాటతో వెదకినవారికి మరొక మాటతో వ్రాసిన పేజీ దొరకదు.
* దాగిన సూచనలు: కొన్ని సూచనలు ఎవరైనా చెప్పిననే తెలిసేవి. 2010 ప్రాంతంలో తెలుగు ఫాంటు లేని ఫోన్లలో ఒపెరా మినీ బ్రౌజరు చిరునామా పట్టీలో "ఒపెరా:కాన్ఫిగ్" అని ఆంగ్లాక్షరాలతో వ్రాసి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపమను ఎంపికను మార్చినచో తెలుగు కనబడేది. ఆ రహస్య పదం ఏ మెనూలోను లేదు.
* మెట్లు వదలివేయుట: తెలిసినవారు వ్రాయునపుడు తమకు అలవాటైన మెట్లను చెప్పుట మరతురు. ఫైలును దిగుమతి చేసుకొనుడు అని చెప్పి, అది ఎక్కడ చేరునో చెప్పకుండుట ఇందుకు సాధారణ ఉదాహరణ.

సులభముగా దొరకునట్లు చేయు పద్ధతులు

పై అనుభవాలనుండి క్రింది పద్ధతులు రూపొందినవి.

1. సూచనను ఇబ్బంది ఎదురగు చోటనే ఉంచుట. మొదటి పేజీలో గాని, అక్షరాలు చెదరు పేజీ పక్కన గాని లంకె ఉండవలెను.
2. కొత్తవారి మాటలనే శీర్షికగా పెట్టుట. "సంక్లిష్ట లిపుల సహాయం" అనుటకంటె "తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనబడుచున్నవా?" అనునది త్వరగా దొరుకుతుంది. సాంకేతిక నామాన్ని పాఠంలో ఇవ్వవచ్చును.
3. అక్షరాలు కనబడని వారికై బొమ్మ రూపంలోను, ఆంగ్లంలోను అదే సూచనను ఉంచుట.
4. తెలుగు టైపు చేయలేనివారు రోమను లిపిలో వెదకుదురు గనుక, ఆ రూపాలను సైతం పేజీలో చేర్చుట.
5. ఏ వ్యవస్థకు, ఏ కూర్పునకు ఆ సూచన వర్తించునో, చివరిసారి ఎప్పుడు సరిచూడబడినదో పేజీ పైభాగంలో తెలుపుట.
6. కాలం చెల్లిన పేజీని అట్లే వదలక, కొత్త పేజీకి దారి మళ్ళించుట. వికీలలో దారిమార్పు పేజీలు ఇందుకు ఉపయోగపడతాయి. ఖతి, ఫాంటు వంటి పర్యాయపదాలన్నిటిని ఒకే పేజీకి చేర్చుటకు సైతం ఇవి పనికివస్తాయి.
7. పని పూర్తియైనదని తెలిసికొనుటకు చివర ఒక పరీక్ష ఇచ్చుట. "స్త్రీ", "క్ష", "కి" వంటి నమూనాలను బొమ్మతో పోల్చి చూపుట ఇందుకు సరిపోతుంది.

అరకు లోయ, తూర్పు కనుమలు

భాషలు, లిపులు

అరకు లోయ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. జిల్లా కేంద్రం పాడేరు. ఈ కొండలలో తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి, కొండ, గదబ మొదలగు భాషలు వినబడతాయి. ఉత్తరాన సీతంపేట, పర్లాకిమిడి ప్రాంతాలలో ముండా కుటుంబానికి చెందిన సవర భాష కలదు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు వెంకట రామమూర్తి (1863 - 1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో సవర భాషను నేర్చి, దానికి వ్యాకరణ, నిఘంటువులను సమకూర్చెను.

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2004లో ప్రారంభమైన మాతృభాషాధారిత బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అను 8 భాషలకు ప్రాథమిక పాఠ్యపుస్తకాలు తయారైనవి. ఇవి తెలుగు లిపిలో ముద్రింపబడినవి. తెలుగు లిపిని ఎంచుకొనుట వలన కంప్యూటరు విషయంలో ఒక మేలు కలిగినది. తెలుగు ఫాంటు, తెలుగు కీబోర్డు ఉన్న పరికరంలో కువి గాని, సవర గాని వ్రాయుటకు మరొక స్థాపన అక్కరలేదు. కావున తెలుగు స్థాపన సూచన సులభముగా దొరకుట ఈ భాషల వారికి సైతం నేరుగా ప్రయోజనకరం.

అయితే ఇక్కడ ఒక లోపం కలదు. కీబోర్డు తెలుగును ఎరిగినంతగా ఈ భాషలను ఎరుగదు. పదాలను ఊహించి సూచించు సౌకర్యం తెలుగు నిఘంటువుపై ఆధారపడి ఉంటుంది గనుక, కువి పదాన్ని తప్పుగా భావించి తెలుగు పదంగా మార్చవచ్చును. అట్టివారికి కావలసిన సూచన స్థాపనను గూర్చినది కాదు. ఆ సవరింపును ఎట్లు ఆపివేయవలెనో తెలుపునది. తెలుగు వాడుకరుల కొరకు వ్రాసిన పేజీలలో ఈ అంశానికి చోటు లభించుట అరుదు.

సొరంగ్ సొంపెంగ్ లిపి

సవర భాషకు 1936లో మంగై గొమాంగో సొరంగ్ సొంపెంగ్ అను ప్రత్యేక లిపిని రూపొందించెను. ఈ లిపి యూనికోడులో 2012 జనవరిలో వెలువడిన 6.1వ కూర్పులో చేరినది. ఇందులో అక్షరాలు, అంకెలు కలిపి 35 సంకేతాలు కలవు. యూనికోడులో తెలుగు మొదటి తలంలో ఉండగా, సొరంగ్ సొంపెంగ్ దానికి వెలుపలి తలంలో ఉన్నది. వెలుపలి తలాలను ఎరుగని పాత సాఫ్టువేరులో ఫాంటు ఉన్నను ఈ అక్షరాలు కనబడవు.

అదే సంవత్సరం విడుదలైన విండోస్ 8లోని "నిర్మల" ఫాంటులో తెలుగుతో పాటు ఈ లిపికి కూడా అక్షరాలు కలవు. గూగుల్ వారి "నోటో" ఫాంట్ల వరుసలో సైతం ఈ లిపి చేరినది. అనగా ఫాంట్లు సిద్ధముగానే ఉన్నవి. వాటిని చేరు దారి మాత్రం 2000వ దశాబ్దంలో తెలుగుకు ఉన్న దారివలెనే ఉన్నది: పేజీలో గళ్ళు కనబడతాయి, వెదకుటకు లిపి పేరు ఆంగ్లంలో తెలిసియుండవలెను, సూచనలు ఆంగ్లంలో ఉంటాయి. సవర మాట్లాడే విద్యార్థికి ఆంగ్లం మూడవ భాషయో, నాల్గవ భాషయో అగుట సామాన్యం. తెలుగువారికి ఒకనాడు ఆంగ్ల సూచన వంతెనగా పనిచేసినట్లే, ఈ ప్రాంతంలో తెలుగులోను, ఒడియాలోను వ్రాసిన సూచన వంతెన కాగలదు.

అంతర్జాల సౌకర్యం

2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్ర ప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, మహారాష్ట్ర, ఒడిశా రాష్ట్రాలలోని 44 ఆకాంక్షిత జిల్లాలలో మొబైలు సౌకర్యం లేని 7,287 గ్రామాలకు 4జీ సేవలు కల్పించు పథకాన్ని ఆమోదించినది. అప్పటికి అరకు లోయ విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కూడా ఆకాంక్షిత జిల్లాలలో ఒకటి. దేశంలో అంతర్జాలం సర్వసాధారణమైన ఆనాటికి కూడా వేల గ్రామాలకు ఫోను సంకేతమే చేరలేదని దీనివలన తెలియుచున్నది.

సంకేతం అందని గ్రామంలో, అంతర్జాలంలోనే పనిచేయు పరికరం అక్కరకు రాదు. అచ్చట సూచన, ఫైలు రెండూ కలిసి మెమరీ కార్డులో గాని, పెన్‌డ్రైవులో గాని చేరవలెను. సంత రోజున మండల కేంద్రానికి వచ్చినవారు ఫోనులో నింపుకొని తీసికొనిపోగల చిన్న ఫైలు, పాఠశాలలో అంటించగల ఒక పుట సూచన ఇట్టి చోట్ల ఉపకరిస్తాయి. 2005 నాటి సీడీల వెనుకనున్న ఆలోచన కాలం చెల్లినది కాదని ఈ పరిస్థితి తెలుపుచున్నది.

ప్రస్తుత స్థితి

నేటి కంప్యూటర్లలోను, ఫోన్లలోను తెలుగు ఫాంటు ముందుగానే ఉంటుంది. తెలుగు ఫొనెటిక్ కీబోర్డు 2019 నాటి విండోస్ 10 నవీకరణతో వ్యవస్థలో భాగమైనది. సిలికానాంధ్ర కృషితో వెలువడిన యూనికోడు ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నవి. వాటిలో ఒకదానికి "గిడుగు" అని పేరు. సవర భాషకు సేవ చేసిన పండితుని పేరు గల ఆ ఫాంటు తెలుగు లిపిలో వ్రాసిన సవరకు కూడా పనికివస్తుంది.

స్థాపన తగ్గినను సూచనల అవసరం తీరలేదు. ముందుగానే ఉన్న కీబోర్డును ఎట్లు తెరువవలెనో, భాషను ఎట్లు చేర్చవలెనో తెలియక రోమను లిపిలోనే తెలుగు వ్రాయువారు నేటికీ పెక్కుమంది కలరు. వస్తువు చేతిలో ఉండియు దారి తెలియని ఈ స్థితిలో, సూచన దొరకుట అను ప్రశ్నకు ప్రాముఖ్యం తగ్గలేదు.

ఇవి కూడా చూడండి

* తెలుగు లిపి
* యూనికోడు
* లేఖిని
* ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు
* సవర భాష
* సొరంగ్ సొంపెంగ్ లిపి
* గిడుగు వెంకట రామమూర్తి
* అరకు లోయ